హోప్ ఐలాండ్‌లో ఏముంది? ఇసుక ఉంది, చదవడం నేర్చుకోండి

పోయిన నెల ఈ శీర్షికలో కాకినాడ తీరాన ఉన్న హోప్ ఐలాండ్ గురించి, అక్కడికి గుంపుగా వెళ్లి నడుస్తూ జీవాలను చూడటం గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హైదరాబాద్ నుంచే. సముద్రం లేని ఊళ్లో ఉంటే సముద్రం మీద ఎంత బెంగ ఉంటుందో నాకు తెలుసు, కాకినాడలో పుట్టి ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నదాన్ని. ఒకే ప్రశ్న రెండు మూడు ఉత్తరాల్లో ఉంటే కలిపి ఒకటిగా ఇచ్చాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మేం నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఆరు కుటుంబాల వాళ్లం, పిల్లలతో కలిపి ఇరవై రెండు మందిమి హోప్ ఐలాండ్ వెళ్దాం అనుకుంటున్నాం. ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? మా వారు మాత్రం ‘ఇసుక తప్ప అక్కడేముంటుంది, అంత దూరం వెళ్తే పిల్లలకి బోర్ కొడుతుంది’ అంటున్నారు. నిజంగా చూడ్డానికి ఏమైనా ఉంటుందా? - ఓ గృహిణి, నిజాంపేట

జవాబు: మీ వారికి ముందు ఈ ఒక్క మాట చెప్పండమ్మా. ఆ ఇసుక మీ ఇంటి కుళాయి నీళ్లకి చుట్టం. మీ వైపు కుళాయిల్లోకి మంజీర నీళ్లో గోదావరి నీళ్లో వస్తాయి కదా, ఆ మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి బాసర, ధర్మపురి, భద్రాచలం దాటుకుంటూ దారి పొడుగునా ఇసుకా ఒండ్రూ మోసుకెళ్లి సముద్రంలో పోస్తుంది. అలలు దాన్ని తీరం వెంబడి ఉత్తరం వైపు నెడతాయి. అలా సుమారు రెండు వందల ఏళ్లలో పేరుకున్న 16 కిలోమీటర్ల ఇసుక తిన్నే మనం హోప్ ఐలాండ్ అంటున్నది. పేరుకి ఐలాండ్, పుట్టుకకి నది చేసిన తిన్నె. ఒక పక్క బంగాళాఖాతం నేరుగా కొడుతుంటుంది, రెండో పక్క కాకినాడ వైపు నీళ్లు చెరువులా ఉంటాయి. కాకినాడ ఓడరేవుకి అలల తాకిడి తగ్గడానికి కారణం ఈ తిన్నే. 1978లో ఏర్పడ్డ కోరింగ అభయారణ్యంలో ఇదీ భాగం. అభయారణ్యం మొత్తం 235.7 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం మడ అడవి.

ఇక బోర్ సంగతి. ఇసుక మీద నడిచిన ప్రతి ప్రాణీ అడుగు వదిలి వెళ్తుంది, గాలి లేచేవరకో పోటు వచ్చేవరకో అది అలాగే ఉంటుంది. అందుకే దీవి మీద దిగగానే దూరం వైపు చూడకండి. కింద చూడండి. పొద్దున్నే వెళ్తే రాత్రంతా అక్కడ ఏం జరిగిందో నేల మీద ఉంటుంది. ట్రాక్టర్ టైరు వెళ్లినట్టు సముద్రంలోంచి పైకి వచ్చి మళ్లీ సముద్రంలోకి దిగిన చార కనిపిస్తే, రాత్రి తాంబేలు వచ్చి వెళ్లిందన్న మాట. ఆలివ్ రిడ్లీ అనే ఈ సముద్రపు తాంబేలు ఎడమ రెక్కా కుడి రెక్కా మార్చి మార్చి వేస్తుంది కాబట్టి రెండు పక్కల గుర్తులూ ఎదురెదురుగా ఉండవు, ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. చార పైకి వెళ్లి, మధ్యలో ఇసుక చెదిరిన గుండ్రటి చోటు ఉంటే అక్కడ గుడ్లు ఉండొచ్చు. అలాంటి చోటేమీ లేకుండా చార వంపు తిరిగి వెనక్కి పోతే అది దేనికో బెదిరి, గుడ్లు పెట్టకుండా వెళ్లిపోయిందని అర్థం. పదేళ్ల పిల్లలకి ఇది ఒకసారి చూపించండి, తర్వాత చారలు వాళ్లే వెతుకుతారు, మనం ఆపాల్సి వస్తుంది.

పీతల సంగతి అంతకంటే బాగుంటుంది, పిల్లలకైతే మరీ. దూరం నుంచి ఇసుక మీద ఎర్ర తివాచీ పరిచినట్టు ఉంటుంది, నాలుగడుగులు వేసేసరికి ఉండదు. ఎర్ర పీతలు మన అడుగుల అదురు తెలియగానే కన్నాల్లోకి దిగిపోతాయి. వెంటపడితే ఏమీ కనిపించదు. పిల్లలందర్నీ ఒకచోట గొంతుక్కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు కదలకుండా మాట్లాడకుండా ఉండమనండి. ముందు రెండు కళ్లు బయటికి వస్తాయి, కాడల మీద నిలబెట్టిన కళ్లు, ఆ తర్వాత ఒక కాలు, ఆ తర్వాత పీత మొత్తం. నేను చూసినంతలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోగలిగిన పిల్లలు పెద్దవాళ్ల కంటే ఎక్కువ. ఇంకా చిన్న పీతలుంటాయి, గోరంత. తడి ఇసుకని నోటితో జల్లెడ పట్టి, అందులో తినేదేదో తీసుకుని, మిగిలిన ఇసుకని ఆవగింజంత ఉండలు చేసి పక్కన పెడుతూ పోతాయి. కన్నం చుట్టూ ఆ ఉండలు గీతలు గీతలుగా, సంక్రాంతికి వాకిట్లో పెట్టిన చుక్కల ముగ్గులా ఉంటాయి. పోటు రాగానే అన్నీ చెరిగిపోతాయి, పాటు దిగగానే మళ్లీ మొదలు. రోజుకి రెండుసార్లు. ఎవరూ తొక్కకుండా ఆ ముగ్గు పక్కనుంచి నడవడమే మీ గుంపు నేర్చుకోవాల్సిన మొదటి పద్ధతి అనుకోండి.

పైన పొడి ఇసుకలో గుండ్రంగా, ముళ్ల బంతుల్లా దొర్లేవి ఉంటాయి. అవి రావణాసురుడి మీసాలు. మా చిన్నప్పుడు వాటిని గాలికి వదిలి ఎవరిది ముందు వెళ్తుందో పరిగెత్తేవాళ్లం. అదొక గడ్డి కంకి, గాలికి దొర్లుతూ పోయి కదలకుండా ఆగిన చోట విత్తనం దిగుతుంది. మేక గిట్టలాంటి ఆకులతో నేలమీద పాకే తీగ ఒకటి ఉంటుంది, ఊదా పూలు పూస్తుంది. ఈ రెండూ ఇసుకని పట్టుకుని ఉంచుతాయి కాబట్టి వాటిని పీకొద్దని పిల్లలకి ముందే చెప్పండి. నక్క అడుగులు కనిపించవచ్చు. కుక్క అడుగులకీ వాటికీ తేడా కనిపెట్టడం కొత్తవాళ్లకి కష్టం, దాని మీద వాదన పెట్టుకుని గంట పోగొట్టుకోకండి.

ఎప్పుడు వెళ్లాలంటే, పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తాంబేళ్ల చారల కోసమైతే జనవరి నుంచి ఏప్రిల్ వరకు. రెండూ కుదిరేది జనవరి, ఫిబ్రవరి. మార్చి దాటితే మధ్యాహ్నం ఆ ఇసుక మీద పిల్లలు నిలబడలేరు. నెల కంటే ముఖ్యం పోటు, పాటు. సముద్రం సుమారు ఆరు గంటలు పైకి వస్తుంది, ఆరు గంటలు దిగుతుంది, ఆ వేళలు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, పాటూ ఎక్కువ, అష్టమి చుట్టుపక్కల రెండూ తక్కువ. అంటే మీరు ఆదివారం అని టికెట్ బుక్ చేసేముందు క్యాలెండర్‌లో తిథి చూడాలి. నీళ్లు బాగా దిగినప్పుడు పిట్టలు బురద మీద ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి, మీకు చుక్కల్లా కనిపిస్తాయి. నీళ్లు పెరుగుతున్నకొద్దీ మేసే చోటు తగ్గి అవి గట్టు వైపు జరుగుతాయి, గుంపుగా చేరతాయి. కాబట్టి పోటు పూర్తిగా రావడానికి రెండు గంటల ముందు ఒకచోట కుదురుగా కూర్చుంటే పిట్టలే మీ దగ్గరికి వస్తాయి.

హైదరాబాద్‌లో రాత్రి గౌతమి రైలెక్కితే పొద్దుటికి కాకినాడ. బోటు, అటవీ శాఖ అనుమతి రెండూ ముందు రోజే మాట్లాడి పెట్టుకోవాలి, అనుమతి లేకుండా ఎవరైనా ‘నేను చూసుకుంటా’ అంటే ఒప్పుకోకండి. దీవి మీద కొట్లు ఉంటాయనుకోవద్దు, నీళ్లూ తిండీ మీరే పట్టుకెళ్లాలి, ఖాళీ సీసాలు మీతోనే వెనక్కి రావాలి. స్టీలు డబ్బాల్లో పులిహోర అన్నిటికంటే మేలు. ఇరవై రెండు మంది ఒకే గుంపుగా నడవకండి, పదకొండు మంది చొప్పున రెండు గుంపులవ్వండి, ప్రతి గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి. నడిచేది తడి ఇసుక మీద. పైన పొడి ఇసుకలో ఎండాకాలం చిన్న పిట్టలు గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, ఇసుకలో చిన్న గుంట, గుడ్డు ఇసుక రంగే. కాలు పడేదాకా కనిపించదు.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీ చేపని పిల్లలు పుల్లతో కూడా కదపకూడదు, చచ్చినదైనా కుడుతుంది. వలల్లోంచి పడేసిన సముద్రపు పాము కనిపించినా అంతే, దూరంగా ఉండాలి. సముద్రం వైపు ఎవర్నీ నీళ్లలో దింపకండి.

ప్రశ్న: అక్కా, పోయిన ఫిబ్రవరిలో మేం ఐదుగురు ఫ్రెండ్స్‌మి ఒక బీచ్‌లో రాత్రి కూర్చుని ఉంటే పెద్ద తాబేలు నీళ్లలోంచి వచ్చింది. మేం ఆనందంతో అందరం ఫోన్ టార్చ్‌లు వేసి, చుట్టూ చేరి వీడియో తీశాం. అది కాసేపు ఆగి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. గుడ్లు పెట్టడానికి వచ్చిందని మాకు తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ గుర్తొస్తే టెన్షన్‌గా ఉంటోంది. దాని గుడ్లు ఏమై ఉంటాయి? - డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, వెనక్కి వెళ్లిన తాంబేలు చాలావరకు అదే రాత్రో తర్వాతి రాత్రో, ఆ పక్కనే ఇంకో చోట మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు చూసినదీ అలాగే పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. పదే పదే బెదిరిస్తే మాత్రం ఎక్కువ కాలం మోయలేక నీళ్లలోనే గుడ్లు వదిలేస్తుంది, అవి ఇక పనికిరావు. అందుకని తీరం పొడుగునా దీపాలూ జనం ఉన్న చోట నష్టం ఎక్కువ.

అసలు అక్కడ ఏం జరగాలో చెప్తాను, చదివితే నీకే తెలుస్తుంది ఎక్కడ ఏం పొరపాటైందో. నలభై కిలోల వరకు బరువుండే తల్లి, నీళ్లలో హాయిగా ఈదేది, ఆ బరువంతా ఇసుక మీద ఈడ్చుకుంటూ పైకి వస్తుంది. ఈ దశలో దానికి అన్నిటికంటే ఎక్కువ బెదురు. వెలుతురు పడినా, ఎదురుగా ఏదైనా కదిలినా వెనక్కి తిరుగుతుంది. మీ టార్చ్‌లు పడింది సరిగ్గా ఇక్కడే. పోటు నీళ్లు అందని ఎత్తు దొరికాక వెనక రెక్కలతో కూజా ఆకారంలో గుంత తవ్వుతుంది, మూరెడు లోతు. ఆ రెక్కలతో అంత నున్నగా ఎలా తవ్వుతుందో నేను ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. వంద, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. ఆ సమయంలో కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి, మా అమ్మమ్మ పురిటి నొప్పులే అనేది. నిజానికి ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అది కళ్ల దగ్గరి గ్రంథుల ద్వారా ఎప్పుడూ బయటికి పంపుతూనే ఉంటుంది, నీళ్లలో ఉన్నప్పుడు మనకి కనబడదు. తర్వాత గుంత పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకని అణగ్గొట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. మళ్లీ ఆ పిల్లల్ని అది చూడదు.

గుడ్లు పొదిగేది ఇసుక వేడి. 45 నుంచి 60 రోజులు. ఆ వేడే పిల్ల ఆడదో మగదో కూడా తేలుస్తుంది, 29, 30 డిగ్రీల కంటే ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి. ఎండలు ముదురుతున్నకొద్దీ మగ తాంబేళ్లు తగ్గిపోతాయన్న భయం అందుకే. పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి ఒకేసారి బయటికి వచ్చి, ఎటు వెలుగు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. ఎన్నో లక్షల ఏళ్లుగా రాత్రిపూట సముద్రమే నేల కంటే వెలుగ్గా ఉంది, చుక్కల వెలుతురు నీళ్ల మీద పడుతుంది కాబట్టి. ఇప్పుడు రోడ్డు లైట్లు, రిసార్టు లైట్లు ఉంటే అవి రోడ్డు వైపు వెళ్లి కుక్కలకి దొరుకుతాయి, తెల్లారితే ఎండకి మాడిపోతాయి.

తీరం పొడుగునా అటవీ శాఖ చాలా చోట్ల గుడ్లు తీసి, కంచె కట్టిన చోట పూడ్చి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతుంది. మార్చి, ఏప్రిల్‌లో పొద్దున్నే ఆ వదిలే చోటికి వెళ్లి నిలబడవచ్చు. అప్పుడు కూడా ముట్టుకోకూడదు, చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వదలకూడదు, ఇసుక మీద అది తనంతట తాను పాకి వెళ్లాలి. మళ్లీ ఎప్పుడైనా రాత్రి తల్లి తాంబేలు ఎదురైతే ఉన్నచోటే ఆగిపో, ఫోన్ జేబులో పెట్టు, నేల మీద కూర్చో. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ. ఆ వీడియో ఇంకా ఉంటే షేర్ చేయకు. దాన్ని చూసి ఇంకో పదిమంది టార్చ్‌లు పట్టుకుని వెళ్తారు.

నీ ఉత్తరం చివర, ఒడ్డున చచ్చిపడిన తాబేళ్లు కూడా చూశామని రాశావు. తాంబేలు గాలి పీల్చే ప్రాణి, మరపడవలు లాగే ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వలలో దానికొక తలుపులాంటి దారి పెట్టే పరికరాలు ఉన్నాయి, అవి అన్ని పడవల్లో కచ్చితంగా వాడాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఇంకా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. తల్లులు ఒడ్డుకి వచ్చే రోజులు అప్పటికి చాలావరకు అయిపోతాయి. మత్స్యకారులంతా తాంబేలుకి శత్రువులని మాత్రం అనుకోకు. దాన్ని కూర్మావతారం అని దండం పెట్టి వలలోంచి వదిలేసేవాళ్లని నేను చిన్నప్పట్నుంచీ చూశాను.

ప్రశ్న: మా అమ్మాయి హోప్ ఐలాండ్ నుంచి ఒక కవరు నిండా గవ్వలు, చిన్న శంఖాలు తెచ్చింది. ఇంటికి వచ్చిన రెండో రోజు రాత్రి కవరులోంచి గరగరమని చప్పుడు. చూస్తే ఒక శంఖం నడుస్తోంది! లోపల పీత ఉంది. పాప భయపడి ఏడ్చింది, ఇప్పుడు దాన్ని పెంచుకుంటానంటోంది. ఏం చేయాలి? - ఓ తల్లి, అల్వాల్

జవాబు: ఈ ఉత్తరం నాకు చేరేసరికి అది బతికి ఉందో లేదో తెలియదు, కాబట్టి ఇంకెవరికైనా ఇలా జరిగితే వెంటనే చేయాల్సింది ముందు చెప్తాను. కుళాయి నీళ్లలో వేయకండి, క్లోరిన్ దానికి పడదు. ఫ్రిజ్‌లో పెట్టకండి. గాలి ఆడే డబ్బాలో, మీతో వచ్చిన ఇసుకే కొంచెం తడిగా ఉంచి, పైన తడి గుడ్డ కప్పండి. దానికి చేప మొప్పల్లాంటివే ఉంటాయి, అవి ఎండిపోతే ఊపిరాడదు. ఆ రాత్రి కాకినాడ వైపు వెళ్లే మనిషి ఎవరైనా ఉంటే బతిమాలి వాళ్లతో పంపించండి, తీరంలో తడి ఇసుక మీద వదిలేస్తే చాలు. ఇంట్లో పెంచడం కుదరదు. పాపకి ఆ మాట మెత్తగానే అయినా తేల్చి చెప్పండి.

అది సన్యాసి పీత. దానికి సొంత పెంకు ఉండదు, వెనక భాగం మెత్తగా ఉంటుంది, అందుకని చనిపోయిన నత్త వదిలేసిన శంఖంలో దూరి కాపురం పెడుతుంది. పెరిగినప్పుడల్లా ఇంకొంచెం పెద్ద ఇల్లు వెతుక్కోవాలి. మంచి శంఖం ఒకటి ఖాళీగా దొరికితే కొన్ని రకాల్లో పీతలు చిన్నా పెద్దా వరసగా క్యూ కడతాయి. పెద్దది కొత్త ఇంట్లోకి మారగానే దాని పాత ఇంట్లోకి తర్వాతది, దాని ఇంట్లోకి ఇంకోటి, ఇలా ఒక్క ఖాళీ శంఖంతో ఐదారు పీతలకి ఇళ్లు మారతాయి. మీ కవరులో ఉన్న ఖాళీ శంఖాలన్నీ అలా ఎవరికో ఇల్లు కావాల్సినవి. పాపని తప్పు పట్టకండమ్మా, బీచ్‌కి వెళ్తే గవ్వలు ఏరుకోవడం మనమే నేర్పాం. అభయారణ్యంలోంచి గవ్వ అయినా సరే తీసుకురాకూడదు, పైగా కొన్ని రకాల గవ్వలూ శంఖాలూ వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలోనే ఉన్నాయి, వాటిని దగ్గర పెట్టుకోవడమే నేరం. ఈసారి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం ఇవ్వండి, దొరికిన ప్రతి గవ్వనీ అక్కడే బొమ్మ గీసి అక్కడే పెట్టేయమనండి. నేను తీసుకెళ్లిన పిల్లల్లో ఒక పాప అలా ఒక్క పూటలో ముప్పైకి పైగా బొమ్మలు గీసింది.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పడవ ఎక్కి దిగడం, ఇసుకలో నడవడం కష్టం. మనవలు వెళ్తున్నారు, నేను గదిలో కూర్చోవాల్సిందేనా? - విశ్రాంత ఉద్యోగి, పద్మారావునగర్

జవాబు: అక్కర్లేదండి. దీవికి బదులు ఆ పూట కోరింగ వెళ్లండి, మడ అడవి మధ్యలోంచి చెక్కబాట ఉంది, మెల్లగా నడిచి ఎక్కడైనా నిలబడవచ్చు. పాటు దిగిన వేళ వెళితే కింద బురదలో వేలెడేసి చేపలు గెంతుతూ కనిపిస్తాయి. చేపే, మడ్‌స్కిప్పర్ అంటారు, నీళ్లు లేనప్పుడు తడిగా ఉన్న చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తుంది. ఒక చెయ్యి చిన్నదీ ఒక చెయ్యి తన ఒంటికి మించినదీ ఉన్న మగ పీతలు ఆ పెద్ద చేతిని ఊపుతుంటాయి, ఆడ పీతల్ని పిలవడానికి. తెల్ల మడ చెట్టు ఆకు పైన వేలితో రాసి నాలుక మీద పెట్టుకోండి, ఉప్పగా ఉంటుంది, పీల్చుకున్న ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదుగా బయటికి నెడుతుంది. ముందు పక్కనున్న గార్డుని అడిగి చెట్టు పోల్చుకున్నాకే ఈ పని చేయండి, ఎందుకంటే అక్కడే తిల్ల చెట్టు కూడా ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. కొమ్మ విరవకండి. ఉప్పు పొన్న చెట్టుకి మునక్కాడల్లా వేలాడేవి కాయలు కావు, చెట్టు మీదే మొలకెత్తిన పిల్ల మొక్కలు, అవి బురదలో పడి నిలబడితే అక్కడే వేరు పోస్తాయి. నీటిపిల్లీ (ఫిషింగ్ క్యాట్), నీటికుక్కలూ (ఆటర్లు) కూడా ఆ అడవిలోనే ఉంటాయి. నీటిపిల్లి రాత్రి తిరుగుతుంది కాబట్టి దాని కోసం ఆశపడొద్దు, నీటికుక్కలు మాత్రం పొద్దున్నే కాలవల్లో కనిపించే అదృష్టం ఉండొచ్చు. నన్నడిగితే ఈ చెక్కబాట మీద ఒక పూట దీవి మీద ఒక పూటకి ఏ మాత్రం తీసిపోదు.

ప్రశ్న: అంత సున్నితమైన చోటు గురించి పత్రికలో రాసి, హైదరాబాద్ నుంచి జనాన్ని పంపించడం తప్పు కాదా? మనం వెళ్లకపోవడమే ఆ దీవికి మేలు కదా? - ఓ పాఠకుడు, తార్నాక

జవాబు: ఈ ప్రశ్న నన్ను రెండు వారాలు పట్టుకుంది. మీరన్నదాంట్లో చాలా వరకు ఒప్పుకుంటున్నాను. కాకినాడ దగ్గర కుంభాభిషేకం అనే చోట బురద నేలలున్నాయి, శీతాకాలంలో అక్కడికి గ్రేట్ నాట్ అనే పిట్ట వస్తుంది, సైబీరియాలో గుడ్లు పెట్టి పొదిగి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే పిట్ట. ఇండియన్ స్కిమ్మర్లు కూడా వస్తాయి, పై ముక్కు కంటే కింది ముక్కు పొడుగు, దాన్ని నీళ్లలో పెట్టి గీత గీసినట్టు ఎగురుతాయి. రెండూ ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉన్నవి. తిరుగు ప్రయాణానికి కావాల్సిన కొవ్వు ఇక్కడే కూడబెట్టుకోవాలి వాటికి. ఒక మనిషి ఫొటో కోసమని గుంపు మీదకి నడిచి అన్నిటినీ లేపితే, అవి మళ్లీ ఎక్కడో దిగి, మళ్లీ లేచి, తిన్నది అక్కడే ఖర్చయిపోతుంది. రోజుకి పది గుంపులు అలా చేస్తే ఆ చోటు వాటికి లేనట్టే. కాబట్టి స్పీకర్ పెట్టుకుని పాటలు వేసేవాళ్లు, నిప్పు రాజేసి వండుకోవాలనుకునేవాళ్లు, డ్రోన్ ఎగరేయాలనుకునేవాళ్లు హోప్ ఐలాండ్ వెళ్లకూడదు. వాళ్లకి కాకినాడ బీచ్ ఉంది, సరదాగా గడపడానికి అది బాగుంటుంది.

అయినా అసలెవరూ వెళ్లకూడదని నేను అనలేను. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణాన తుపాను తీరం దాటినప్పుడు వెయ్యి మందికి పైగా పోయారు, మా బంధువుల ఇళ్లలో కూడా ఆ రాత్రి మాట ఎత్తితే ఇప్పటికీ మౌనం. ఆ తర్వాతే మా వాళ్ల మాటల్లో మడ చెట్ల ప్రస్తావన ఎక్కువైంది, వంట చెరుకుగా చూసినవాళ్లే గోడగా చూడటం మొదలుపెట్టారు. ఒక చోటుతో మనిషికి సంబంధం ఉంటేనే దాని గురించి నోరు తెరుస్తాడు. గోదావరి నీళ్లు తాగుతూ, ఆ నది చివరికి ఏం కట్టిందో ఒక్కసారి కూడా చూడని కోటిమంది ఉన్న ఊరు మనది. పైనుంచి వచ్చే ఒండ్రు ఆనకట్టల దగ్గర ఆగిపోతే కింద తిన్నెకి ఇసుక తగ్గుతుందన్న సంగతి మనకి తెలియాలి, ఎందుకంటే ఆ నీళ్లు వాడుకునేవాళ్లలో మనమూ ఉన్నాం. చిన్న గుంపు, అనుమతి, మౌనం, ఏడాదికి ఒకసారి. ఇంతవరకైతే వెళ్లమనే చెప్తాను. ఈ నాలుగింట్లో ఒకటి కుదరకపోయినా ఆగిపొమ్మని చెప్తాను. మీరు ఇంకా ఒప్పుకోకపోతే మళ్లీ రాయండి, వేస్తాను.

ప్రశ్న: వచ్చే జనవరిలో మా కాలేజీ బ్యాచ్‌తో వెళ్తున్నా. నాకు కాకి, పావురం తప్ప పిట్టలు తెలియవు. ఇక్కడే ఉండి ఏమైనా నేర్చుకోవచ్చా? - విద్యార్థిని, ఉప్పల్

జవాబు: తప్పకుండా, పైగా అక్కడికి వచ్చే ఉల్లంకి పిట్టల్లో, అంటే నీటి అంచున బురదలో మేసే పిట్టల్లో, కొన్ని మన చెరువులకీ వస్తాయి. డిసెంబరులో నాలుగు ఆదివారాలు పొద్దున ఆరున్నరకల్లా అమీన్‌పూర్ చెరువుకి వెళ్లు. 2016లో దాన్ని జీవ వైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఉప్పల్ నుంచి దూరమే, మెట్రోలో మియాపూర్ దాకా వెళ్లి ఆటో ఎక్కు. రంగు చూసి పిట్టని గుర్తుపట్టాలనుకోకు, తీరంలో అన్నీ బూడిద రంగే. నడక చూడు. ఆగకుండా తోక కిందికీ పైకీ ఆడిస్తూ నీటి అంచున తిరిగేది ఒకటుంటుంది, కామన్ శాండ్‌పైపర్. నాలుగడుగులు గబగబా పరిగెత్తి టక్కున ఆగి, మళ్లీ పరిగెత్తేవి ప్లోవర్లు. గులాబీ రంగు పొడుగు కాళ్లతో నీళ్లలో నిలబడేది బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్. మనల్ని చూడగానే గోల చేసి అందర్నీ లేపేది తీతువు, దాన్ని నువ్వు ఇప్పటికే విని ఉంటావు. లకుముకి పిట్ట ఎలాగూ కనిపిస్తుంది.

బైనాక్యులర్స్ కొనకు, ముందు ఎవరిదైనా అడిగి తీసుకో, 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) అయితే చాలు. మొదటి ఆదివారం ఒక్క పిట్టనే అరగంట చూడు, అది ఏం తింటోందో, ఎన్ని అడుగులకి ఒకసారి ముక్కు నేలకి ఆనిస్తోందో నోట్‌బుక్‌లో రాసుకో. జనవరిలో హోప్ ఐలాండ్‌లో, నీటి అంచున ఏదో ఒకటి తోక ఆడిస్తూ కనిపిస్తుంది. అప్పుడు మీ బ్యాచ్‌లో దాని పేరు ముందు చెప్పేది నువ్వే అవుతావు.